నర్సు పనిని చదువుగా మార్చిన నైటింగేల్

ఇంటర్మీడియట్ ఫలితాలు వెలువడిన రోజుల్లో సలహా కోసం మా వద్దకు వచ్చే తల్లిదండ్రుల సంఖ్య పెరుగుతుంది. అమ్మాయి బైపీసీ చదివింది, మార్కులు బాగానే వచ్చాయి, డాక్టరు సీటు మాత్రం అందలేదు, ఇప్పుడేం చేయించాలి అన్నది వారి ప్రశ్న. బీఎస్సీ నర్సింగ్ ఉంది కదా అని మేము అనగానే ఎదుటివారి ముఖం చిన్నబోతుంది. రాత్రి డ్యూటీలు, పరాయి మగవారి వార్డులు, మంచి రిష్తాలు రావేమోనన్న బెంగ, ఇవన్నీ ఒక్కసారిగా బయటికి వస్తాయి. అది విశ్వవిద్యాలయం పట్టా ఇచ్చే నాలుగేళ్ళ చదువు అన్న మాట మాత్రం చెవికి ఎక్కదు. వారి దృష్టిలో నర్సింగ్ అంటే పని. పనికి చదువెందుకు?

ఈ అభిప్రాయం కొత్తది కాదు, మన ఒక్కరిదీ కాదు. 1845లో ఇంగ్లండులోని ఒక సంపన్న కుటుంబం తమ కుమార్తెతో ఇంతకన్నా కఠినంగా వాదించింది. ఆ కుమార్తె పేరు ఫ్లారెన్స్ నైటింగేల్. మన పిల్లల పాఠ్యపుస్తకాలు ఆమెను దీపం పట్టుకున్న దయామయిగా చూపించి అంతటితో ముగిస్తాయి. దయ సంగతి నిజమే. కానీ ఆమె జీవితంలో దీపం పట్టుకున్న కాలం రెండేళ్ళకు మించదు. మిగిలిన కాలమంతా పుస్తకాలతో, లెక్కలతో, నివేదికలతో గడిచింది. ఆ భాగాన్నే ఈ వారం చెప్పుకుందాం.

ఆమె 1820 మే 12న ఇటలీలోని ఫ్లారెన్స్ నగరంలో జన్మించారు. ఊరి పేరే బిడ్డకు పెట్టారు. తండ్రి విలియం ఎడ్వర్డ్ భూస్వామి. డెర్బీషైర్‌లో ఒక భవనం, హాంప్‌షైర్‌లో ఎంబ్లీ పార్క్ అనే మరో భవనం ఉండేవి. ఆడపిల్లలకు ఆ దేశంలో విశ్వవిద్యాలయం తలుపులు తెరవని కాలమది. లండన్ విశ్వవిద్యాలయం స్త్రీలకు పట్టాలు ఇవ్వడం 1878లో గాని మొదలు కాలేదు. అందువల్ల తండ్రే ఇద్దరు కుమార్తెలకూ గురువయ్యాడు. గ్రీకు, లాటిన్, ఫ్రెంచి, జర్మన్, ఇటాలియన్ భాషలు, చరిత్ర, తత్వశాస్త్రం స్వయంగా నేర్పాడు. అక్క పార్థినోప్ ఆ పాఠాలనుంచి మెల్లగా తప్పుకుంది. చెల్లెలికి అది చాలక గణితం కూడా నేర్పించమని పట్టుబట్టింది. తల్లికి ఈ పట్టుదల నచ్చలేదు. పెళ్ళికి ఎదిగే పిల్లకు లెక్కలతో పనేమిటన్నది ఆమె వాదన. ఆ లెక్కలే ముందు ముందు వేలమంది సైనికుల ప్రాణాలకు అక్కరకు వచ్చాయి.

పదహారేళ్ళ వయసులో, 1837 ఫిబ్రవరిలో, దైవం తనను సేవకు పిలిచిందన్న గట్టి నమ్మకం ఆమెకు కలిగింది. ఆ సేవ ఏమిటో తెలుసుకోవడానికి మరికొన్నేళ్ళు పట్టింది. ఎంబ్లీ చుట్టుపక్కల పల్లెల్లో రోగులను చూడటానికి వెళ్ళినప్పుడు ఆమె గమనించిన విషయం ఒకటుంది. రోగి పక్కన కూర్చుని జాలిపడటానికి చాలామంది ఉన్నారు, ఏం చేయాలో తెలిసినవారు లేరు. జాలి వేరు, తెలివిడి వేరు. ఈ తేడా గ్రహించాక ఆమె ఇరవై అయిదో ఏట తల్లిదండ్రుల ముందు ఒక కోరిక పెట్టారు. సాల్స్‌బరీ ఆస్పత్రి పెద్ద డాక్టరు వారి కుటుంబ స్నేహితుడే, అక్కడ కొన్ని నెలలు ఉండి పని నేర్చుకుంటానని. ఇల్లంతా అట్టుడికిపోయింది.

తల్లిదండ్రులను మనం తొందరపడి నిందించకూడదు. ఆనాటి ఇంగ్లండు ఆస్పత్రుల స్థితి అటువంటిది. డబ్బున్నవారు ఇంటివద్దే వైద్యం చేయించుకునేవారు, ఆస్పత్రి గతిలేనివారికి. వార్డుల్లో మంచాలు ఒకదానికొకటి తగులుతూ ఉండేవి, దుర్గంధం భరించరానిది. నర్సులుగా చేరేవారిలో ఎక్కువమంది వేరే బ్రతుకుతెరువు దొరకని స్త్రీలు. తాగుడు మామూలు విషయం. చాలామందికి చదవడం రాదు, మందుసీసా మీద ఏం రాసి ఉందో తెలియదు. అటువంటి చోటికి కన్నకూతుర్ని పంపడానికి ఏ తల్లి ఒప్పుకుంటుంది? అయితే ఆ తల్లి ఆస్పత్రి చెడ్డది గనుక వద్దన్నది. కూతురు ఆస్పత్రి చెడ్డది గనుకే చదువుకున్నవారు వెళ్ళాలన్నది. వాదం అక్కడే దాదాపు ఎనిమిదేళ్ళు నలిగింది.

ఆ ఏళ్ళన్నీ ఆమె ఊరికే కూర్చోలేదు. తెల్లవారకముందే లేచి, ఇంట్లో అందరూ నిద్రపోతుండగా, ప్రభుత్వం అచ్చువేసిన ఆరోగ్య నివేదికలు, ఆస్పత్రుల వార్షిక లెక్కలు తెప్పించుకుని చదివేవారు. నోటుపుస్తకాల్లో వివరాలు రాసుకునేవారు. ఎక్కడ ఎన్ని పడకలు, ఎంతమంది చేరారు, ఎంతమంది మరణించారు. టిఫిన్ గంట మోగగానే పుస్తకం మూసి, మంచి ఇంటి ఆడపిల్లలా కిందికి వచ్చేవారు. పేరుపడ్డ రచయిత, పార్లమెంటు సభ్యుడు అయిన రిచర్డ్ మాంక్టన్ మిల్న్స్ ఆమెను పెళ్ళాడాలని ఏళ్ళ తరబడి ఎదురుచూశాడు. 1849లో ఆమె కాదన్నారు. పెళ్ళి కాదనుకున్నవారే చదువుకు పనికివస్తారని మేము దీనినుంచి పాఠం తీయడం లేదు. మన ఇళ్ళలో నిఖా అయ్యాక కూడా నర్సు ఉద్యోగం చేస్తూ పిల్లలను చక్కగా పెంచుతున్న తల్లులు ఎందరో ఉన్నారు.

అదే ఏడాది కుటుంబ మిత్రులతో కలిసి ఈజిప్టు యాత్రకు వెళ్ళారు. నైలు నదిపై పడవలో దక్షిణానికి ప్రయాణించారు. అలెగ్జాండ్రియాలో స్థానిక స్త్రీల దుస్తులు ధరించి మసీదు కూడా చూసివచ్చారు. తిరుగు ప్రయాణంలో జర్మనీలోని కైసర్స్‌వెర్త్ అనే ఊళ్ళో రెండు వారాలు ఆగారు. థియోడర్ ఫ్లీడ్నర్ అనే పాస్టరు 1836లో స్థాపించిన సంస్థ అక్కడ ఉంది. రైతుబిడ్డలైన యువతులు కట్టుబాటుగా ఉంటూ రోగులకు సేవచేయడం నేర్చుకునేవారు. మరుసటి సంవత్సరం 1851లో మూడు నెలలు అక్కడే ఉండి నేర్చుకున్నారు. ఆ మూడు నెలలూ తల్లి, అక్క మరో ఊళ్ళో ఆరోగ్యం కోసం నీటి చికిత్స తీసుకుంటున్నారు. కూతురు ఎక్కడుందో నలుగురికీ తెలియకూడదని వారి షరతు. ఉదయం అయిదు గంటలకే పని మొదలు. అక్కడి నర్సింగ్ విద్య అంతంతమాత్రమేనని, శుభ్రత కూడా చాలదని ఆమె తర్వాతి రోజుల్లో నిర్మొహమాటంగా రాశారు. అయినా పని నేర్వడానికి వచ్చిన ఆడపిల్ల పరువు పోదని, క్రమశిక్షణ ఉన్నచోట గౌరవం ఉంటుందని అక్కడే కళ్ళారా చూశారు.

చివరకు తండ్రి మెత్తబడ్డాడు. 1853లో ఏడాదికి 500 పౌండ్లు ఆమె పేర ఏర్పాటుచేశాడు. ఆమె లండన్ హార్లీ స్ట్రీట్‌లో స్త్రీల చిన్న ఆస్పత్రి ఒకదానికి పర్యవేక్షకురాలిగా చేరారు. వేడినీళ్ళు పై అంతస్తులకు గొట్టాల ద్వారా రావాలని, రోగి పిలిచేందుకు గంట ఉండాలని పట్టుబట్టి ఏర్పాటుచేయించారు.

మరుసటి ఏడాదే క్రిమియా యుద్ధం వచ్చింది. రష్యాకు వ్యతిరేకంగా తుర్కీ ఉస్మానియా సల్తనత్, బ్రిటన్, ఫ్రాన్స్ ఒక పక్షం. గాయపడిన బ్రిటిష్ సైనికులు ఆస్పత్రిలో దిక్కులేక చనిపోతున్నారని టైమ్స్ పత్రికలో వార్తలు రావడంతో దేశం కలవరపడింది. యుద్ధమంత్రి సిడ్నీ హెర్బర్ట్ ఆమెకు పరిచితుడు. 38 మంది నర్సులను వెంటబెట్టుకుని ఆమె 1854 అక్టోబరు 21న బయలుదేరి, నవంబరు 4న ఇస్తాంబుల్ నగరానికి ఎదురుగా బాస్ఫరస్ ఆవలి ఒడ్డున ఉన్న స్కుటారి చేరారు. దానినే నేడు ఉస్కుదార్ అంటున్నారు. సుల్తాన్ మూడో సలీం పేరుమీద ఉన్న సలీమియె బ్యారక్‌ను ఉస్మానియా ప్రభుత్వం బ్రిటిష్ వారి ఆస్పత్రికి ఇచ్చింది.

సైనిక డాక్టర్లు మొదట ఆమెను వార్డుల్లోకి రానివ్వలేదు. ఆమె వాదించలేదు. డాక్టరు ఆజ్ఞ లేకుండా ఏ నర్సూ రోగిని తాకరాదని తనవారికి కట్టడి చేసి, పాత బట్టలు చింపి కట్లు కుట్టిస్తూ వేచిచూశారు. కొద్దిరోజుల్లోనే ఇన్కర్మన్ యుద్ధ క్షతగాత్రులు ఓడలనిండా వచ్చిపడ్డారు, డాక్టర్లే పిలవవలసి వచ్చింది. ఆమె ఒక ఇల్లు అద్దెకు తీసుకుని బాయిలర్లు పెట్టించి, సైనికుల భార్యలచేత బట్టలు ఉతికించారు. జీర్ణశక్తి లేని రోగులకు వేరే వంటగది పెట్టించారు. రాత్రిపూట వరండాల వెంట ఒంటరిగా దీపంతో తిరిగేవారు. చిత్రాల్లో ఆమె చేతిలో అల్లావుద్దీన్ దీపం వంటిది గీస్తారు, అది సరికాదు. ఆమె వాడింది తుర్కీ ఫానూస్. మైనం పూసిన గుడ్డతో మడతలు మడతలుగా ఉండి, లోపల కొవ్వొత్తి వెలిగేది. ఉర్దూ తెలిసిన మన పెద్దలకు ఫానూస్ అంటే వివరించనక్కరలేదు. యుద్ధానంతరం సుల్తాన్ అబ్దుల్ మజీద్ ఆమెకు వజ్రాల కంకణం బహూకరించారు.

ఇంతవరకు అందరికీ తెలిసిన కథ. తెలియని సగం ఇక్కడ మొదలవుతుంది. ఆమె రాకతోనే మరణాలు ఆగిపోలేదు. ఆ చలికాలంలో స్కుటారిలో నాలుగు వేలమందికి పైగా చనిపోయారు. 1855 ఫిబ్రవరిలో ఆస్పత్రిలో మరణాలు నూటికి 42 వరకు పెరిగాయి. ఎక్కువమంది గాయాలవల్ల కాదు, విరేచనాలు, కలరా, టైఫస్ వంటి జబ్బులవల్ల పోయారు. భవనం కిందనే మురుగుకాలువలు నిండి ఉన్నాయి, దుర్వాసన వార్డుల్లోకి ఎగదన్నేది. మార్చిలో లండన్ నుంచి వచ్చిన పారిశుధ్య కమిషన్ ఆ కాలువలు కడిగించి, నీటి మార్గాలు శుభ్రంచేయించి, గాలి వచ్చేలా గోడలు తెరిపించింది. జూన్ నాటికి మరణాలు నూటికి రెండుకు తగ్గాయి.

1856 ఆగస్టులో ఆమె ఇంటికి తిరిగివచ్చారు. ఊరేగింపులు, సన్మానాలు వద్దన్నారు. క్రిమియాలో పట్టుకున్న జ్వరం ఆరోగ్యాన్ని దెబ్బతీసింది, తర్వాతి జీవితంలో చాలాకాలం మంచంమీదే గడిచింది. ఆ మంచంమీదే కాగితాలు పరచుకుని, విలియం ఫార్ అనే గణాంక నిపుణుని సాయంతో స్కుటారి లెక్కలన్నీ తిరగేశారు. ఎంత సేవ చేసినా మురికిలో ఉంచిన రోగి బ్రతకడని ఆ లెక్కలు తేల్చాయి. ప్రేమతో కట్టు కట్టడం చాలదు, కట్టు కట్టే చేయి ఎందుకు కడగాలో, కిటికీ ఎందుకు తెరవాలో, నీరు ఎక్కడినుంచి వస్తున్నదో తెలిసి ఉండాలి. 1858లో సుమారు 850 పేజీల నివేదిక అచ్చయింది. అంకెలు చదివే ఓపిక లేని మంత్రులకోసం ఆమె రంగుల చక్రాలు గీయించారు. ఏ నెలలో గాయాలవల్ల ఎందరు, జబ్బులవల్ల ఎందరు పోయారో చూడగానే తెలిసిపోయేది. అదే సంవత్సరం బ్రిటన్ గణాంక సంఘం ఆమెను సభ్యురాలిగా ఎన్నుకున్నది. ఆ గౌరవం పొందిన మొదటి స్త్రీ ఆమె.

ప్రజలు కృతజ్ఞతగా వసూలుచేసి ఇచ్చిన నిధి 44 వేల పౌండ్లు దాటింది. ఆ సొమ్ముతో 1860లో లండన్ సెయింట్ థామస్ ఆస్పత్రిలో నర్సుల పాఠశాల మొదలైంది. శిక్షణ ఒక సంవత్సరం. భోజనం, వసతి ఉచితం, చేతిఖర్చుకు ఏడాదికి 10 పౌండ్లు. ఆస్పత్రిలోనే ఒక భాగాన్ని వేరుచేసి, ప్రతి అమ్మాయికీ విడిగా గది ఇచ్చారు, పర్యవేక్షణకు పెద్దావిడను ఉంచారు. తమ కూతురు ఎక్కడ పడుకుంటుందో అన్న తల్లిదండ్రుల భయాన్ని నైటింగేల్ తేలికగా తీసుకోలేదని దీనివల్ల తెలుస్తుంది. డాక్టర్లు ఉపన్యాసాలివ్వాలి, అమ్మాయిలు నోట్సు రాయాలి, రోగి స్థితిని రోజూ చూసి కాగితం మీద పెట్టాలి. ప్రతినెలా మేట్రన్ ఒక పట్టిక నింపేది. అందులో సమయపాలన, నిజాయితీ, శుభ్రత, డ్రెస్సింగ్ చేయడం, రోగిని కదిలించడం, ఒక్కో గుణానికీ ఒక్కో గడి. మదరసాలో తర్బియత్ లేని తాలీమ్ అసంపూర్ణమని మాకు నేర్పారు. ఆ పట్టిక గురించి చదివినప్పుడు మాకు మా ఉస్తాదులు గుర్తుకువచ్చారు.

అంతా సాఫీగా సాగిందని అనుకోరాదు. 1872లో ఆమె స్వయంగా విచారించగా, పాఠాలు చెప్పవలసిన ఆస్పత్రి వైద్యుడు ఏళ్ళతరబడి ఉపన్యాసాలే సరిగా ఇవ్వలేదని బయటపడింది. ఆయనను తప్పించి పాఠాలు మళ్ళీ గాడిలో పెట్టించారు. అప్పటినుంచి విద్యార్థినులను ఇంటికి పిలిపించుకుని మాట్లాడటం, ఏటా వారికి సుదీర్ఘమైన ఉత్తరం రాయడం అలవాటు చేసుకున్నారు. ఆ బడిలో చదివినవారు లివర్‌పూల్ పేదల ఆస్పత్రికి, ఆస్ట్రేలియాలోని సిడ్నీకి, ఇంకా ఎన్నో చోట్లకు వెళ్ళి బళ్ళు పెట్టారు. 1867లో అక్కడ చేరిన రెబెక్కా స్ట్రాంగ్ 1893లో గ్లాస్గో నగరంలో కొత్త పద్ధతి తెచ్చింది. వార్డులో అడుగుపెట్టకముందే అమ్మాయిలు కాలేజీలో శరీర నిర్మాణం, శరీరధర్మం, ఆరోగ్యశాస్త్రం చదివి పరీక్ష రాయాలి. నేటి పట్టా చదువుకు బీజం అక్కడ కనబడుతుంది.

పరీక్షల విషయంలో మాత్రం నైటింగేల్ ఎదురు తిరిగారు. 1887లో బెడ్‌ఫర్డ్ ఫెన్విక్ అనే నర్సు నాయకురాలు ఒక సంఘం పెట్టి, డాక్టర్లకు ఉన్నట్టే నర్సులకూ పరీక్ష, ప్రభుత్వ రిజిస్టరు ఉండాలని ఉద్యమించింది. నైటింగేల్ ఒప్పుకోలేదు. సహనాన్ని, నమ్మకాన్ని ఏ ప్రశ్నపత్రం కొలవగలదని ఆమె ఉద్దేశం. రిజిస్టరులో పేరెక్కాక మనిషి చెడిపోతే రోగికి ఎవరు పూచీ అన్నది ఆమె అనుమానం. ఆ అనుమానం తేలికైనది కాదు. అయినా ఈ తగవులో ఫెన్విక్ పక్షమే సరైనదని మా అభిప్రాయం. పరీక్ష లేనిచోట నేర్చిన నర్సునూ, నేర్వని ఆయమ్మనూ జనం ఒకే గాటన కడతారు. మన పట్టణాల్లో కొన్ని చిన్న ఆస్పత్రులు ఏ శిక్షణా లేని ఆడపిల్లలకు తెల్లకోటు తొడిగి సూది చేతికివ్వడం మేము చూశాము. నర్సు అంటే చిన్నచూపు అక్కడే పుడుతుంది. ఆమె మరణించిన తొమ్మిదేళ్ళకు, 1919లో, బ్రిటన్ చట్టం చేసి రిజిస్టరు తెచ్చింది.

మన దేశానికి ఆమె ఎన్నడూ రాలేదు. కానీ మంచంమీదినుంచే ఇక్కడి సైనిక స్థావరాలన్నిటికీ ప్రశ్నావళులు పంపించి జవాబులు తెప్పించుకున్నారు. భారతదేశంలోని బ్రిటిష్ సైనికుల్లో ఏడాదికి వెయ్యికి 69 మంది చనిపోతున్నారని 1863 నాటి కమిషన్ తేల్చింది. పదేళ్ళలో అది 18కి తగ్గింది. తర్వాత ఆమె దృష్టి సైనికులనుంచి రైతులమీదికి మళ్ళింది. గోదావరి ఆనకట్ట కట్టిన ఆర్థర్ కాటన్‌తో ఉత్తర ప్రత్యుత్తరాలు జరిపారు. 1852లో పూర్తయిన ధవళేశ్వరం ఆనకట్ట గోదావరి జిల్లాను కరువునుంచి ఎలా కాపాడిందో చూపి, కాలువలు తవ్వితే ప్రాణాలు దక్కుతాయని వ్యాసాలు రాశారు. గోదావరి నీళ్ళు తాగి పెరిగిన మన పాఠకులు చాలామందికి ఈ సంగతి తెలిసి ఉండకపోవచ్చు.

పరాయి పురుషునికి స్త్రీ సేవ చేయడమన్న ప్రశ్న మా పాఠకుల మనసులో మెదులుతూనే ఉంటుందని మాకు తెలుసు. కందక యుద్ధంలో గాయపడిన హజ్రత్ సఅద్ బిన్ ముఆజ్ (రజి)ని దైవప్రవక్త (స) మస్జిద్‌లోని హజ్రత్ రుఫైదా (రజి) గుడారానికే పంపించారు. హజ్రత్ ఉమ్మె అతియ్యా (రజి), హజ్రత్ రుబయ్యి (రజి) యుద్ధభూమిలో క్షతగాత్రులను చూసుకున్న సంగతి హదీసు గ్రంథాల్లో ఉంది. ఇది మన ఇంటి సంప్రదాయమే, ఇంగ్లండు నుంచి అరువు తెచ్చుకున్నది కాదు.

నైటింగేల్ చివరి సంవత్సరాల్లో చూపు కోల్పోయారు. 1907లో ఆర్డర్ ఆఫ్ మెరిట్ బిరుదు వచ్చింది. దానిని పొందిన మొదటి స్త్రీ ఆమే. 1910 ఆగస్టు 13న, 90వ ఏట, కన్నుమూశారు. పూర్వం రాజులను ఖననం చేసిన వెస్ట్‌మినిస్టర్ ఆబీలో చోటిస్తామన్నా, ఆమె కోరిక ప్రకారం కుటుంబం ఒప్పుకోలేదు. ఎంబ్లీ సమీపంలోని ఈస్ట్ వెల్లో చర్చిలో సమాధి చేశారు. రాతిమీద ఆమె పేరులోని రెండు పొడి అక్షరాలు, తేదీలు మాత్రమే ఉన్నాయి.

ఆమె కన్నుమూసే నాటికే అమెరికాలో నర్సింగ్ విశ్వవిద్యాలయం గడప తొక్కింది. మిన్నెసోటా విశ్వవిద్యాలయంలో 1909లో పాఠశాల మొదలైంది. బ్రిటన్ ఆలస్యంగా మేల్కొంది. ఎడిన్‌బరో విశ్వవిద్యాలయం 1960లో పట్టా చదువు ప్రారంభించింది. మనదేశం ఈ విషయంలో బ్రిటన్ కన్నా ముందుంది. 1946లోనే ఢిల్లీలో, వెల్లూరులో బీఎస్సీ నర్సింగ్ మొదలైంది. ఇంగ్లండులో 2013 నుంచి కొత్తగా చేరేవారికి పట్టా తప్పనిసరి. అక్కడ చేరేటప్పుడే పెద్దల నర్సింగ్, పిల్లల నర్సింగ్, మానసిక రోగుల నర్సింగ్, నేర్చుకునే శక్తి తక్కువైనవారి నర్సింగ్ అన్న నాలుగు శాఖల్లో ఒకటి ఎన్నుకోవాలి. ఎక్కువమంది చేరేది పెద్దల నర్సింగ్‌లోనే. గుండె, మధుమేహం, పక్షవాతం, శస్త్రచికిత్స రోగులు వారి చేతుల్లోకి వస్తారు. మన బీఎస్సీ నర్సింగ్‌లో ఇదే విషయాన్ని చాలాకాలం మెడికల్ సర్జికల్ నర్సింగ్ అనేవారు. 2021లో నర్సింగ్ కౌన్సిల్ మార్చిన సిలబస్‌లో దాని పేరు అడల్ట్ హెల్త్ నర్సింగ్ అయింది. మన వద్ద నాలుగేళ్ళు, ఎనిమిది సెమిస్టర్లు. బ్రిటన్‌లో సాధారణంగా మూడేళ్ళు, మొత్తం 4600 గంటలు. అందులో 2300 గంటలు తరగతిలో పుస్తకంతో, తక్కిన 2300 గంటలు రోగి మంచం పక్కన.